తాడు విప్పిన రోజు

అమ్మడూ, నేను కులాసా, బెంగపడకు.

నెల్లాళ్లు మా వీధిలో ఎవరూ గడప దాటలేదు. ఇంటింటా మూలిగించిన కరోనా తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయిందనుకున్నాం. రాకపోకలు ఆపడానికి వీధి మొగలో కట్టిన తాడు విప్పారు. ఆ పూటే పెరిగిన జుట్లతో అందరూ వచ్చి నా సెలూన్ బెంచీ మీద ఒరుసుకుని కూర్చున్నారు.

"జబ్బు పోయిందిగా, కానియ్యి బాబాయ్" అన్నాడు పక్కషాపు టైలరు. కాదనలేకపోయాను. వారం తిరిగేసరికి మళ్లీ పది ఇళ్లకు పాకింది, మళ్లీ తాడు కట్టారు. టైలరు ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంకా కళ్లు తెరవలేదట. ఈసారి ఎవరూ చెప్పకుండానే షాపు మూశాను.

మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది? మందులు ముందే తెచ్చిపెట్టుకో.

బుడ్డోడు తాతయ్యే జుట్టు కత్తిరించాలని మంకుపట్టు పట్టాడని రాశావు. ఇప్పుడు రాను. నువ్వే కత్తిరించు. వంకర పోయినా పర్లేదు, జుట్టు మళ్లీ పెరుగుతుంది.

అందరూ చల్లగా ఉండండి.

నాన్న