ఇష్టం లేదని మూడుసార్లు చెప్పాను

అత్తమ్మా,

అక్షరాలు వంకర పోయినా, తప్పులున్నా ఏమనుకోకు. ఐదో తరగతి తర్వాత ఇంత రాయడం ఇదే మొదలు. నువ్వు పోయి ఏడాది కావస్తోంది, చదవవని తెలుసు. అయినా ఈ సంగతి ఇంకెవరికి చెప్పను?

నీ కొడుకు విడాకులు కావాలన్నాడు. ఆరు నెలల కింద, ఇద్దరికీ ఇష్టమేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. వద్దని చెప్పే ధైర్యం లేక పెట్టాను. ఇక అంతా అయిపోయిందనుకుని అమ్మగారింట్లో ఉంటున్నాను.

విడాకులు ఇష్టమేనా అని ఆఖరుసారి అడగడానికి ఇవాళ మళ్ళీ పిలిచారు. సిద్దిపేట కోర్టు మెట్ల దగ్గర మా వకీలమ్మ నా మొహం చూసి ఆగింది.

"మనసుల లేకపోతే ఇప్పుడన్న చెప్పు బిడ్డా. నువ్వు కాదంటే గీ విడాకులు ఇయ్యరు. ఆయనకు గంతగనం కావాల్నంటే కారణం చూపి వేరే కేసు ఏసుకోవాలె, రుజువు చెయ్యాలె."

జడ్జిగారు అడిగినప్పుడు "ఇష్టం లేదు సార్" అన్నాను. వినపడలేదని మూడుసార్లు చెప్పించారు.

వకీలమ్మ నన్ను ఆటో ఎక్కించబోతుంటే నీ కొడుకు వచ్చాడు.

"ఐతారం అవ్వ ఏడాది మాసికం. కోడలే వండాల్నట. వస్తవా?"

"కోర్టుల పెండ్లాం వద్దాయె, పొయ్యికాడ కోడలు కావాల్నా?" అంది వకీలమ్మ.

ఆయన తల దించుకున్నాడు. రేపు వేరే కేసు వేస్తాడేమో తెలియదు. అలసిపోయాను అత్తమ్మా. అయినా ఆదివారం నీ మాసికానికి వస్తానన్నాను.

ఈ కాగితం ఎవరికి దొరికినా కాల్చేయండి. ఆయన చేతిలో పడితే, పిలిచినందుకు నేను సంతోషపడ్డానని తెలిసిపోతుంది.