ఉరి సీనులో బస్తా ముడి

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఉస్మాన్‌గంజ్ హమాలీ మల్లన్నను హత్య కేసు నుండి విడిచి, ఆ స్థానమున నన్ను చేర్చుకొనుట గురించి.

సైదాబాద్ నివాసి, రిటైర్డ్ బస్సు కండక్టరు డానియేలు వ్రాసుకొను మనవి ఏమనగా:

1. మొన్న ఆదివారం సాయంత్రం మా కాలనీ హాలులో నేను వ్రాసిన నాటకం ఆడితిమి. ఏడు వందల ఏళ్ల కింద ఇంగ్లండు రాజు ఐర్లండుకు పంపిన ఒక జడ్జి ఉద్యోగ చరిత్ర అది. అక్కడి భాష అతనికి రాదు. దుబాసీ చెప్పినది విని, భోజనం వేళ మించకుండా ఉరి వేసేవాడు. ఉరులు పెరిగిన కొద్దీ పదవి పెరిగి, పెద్ద జడ్జియై స్వదేశం చేరెను. ఆ వేషం నాది. ఉరికి ఎక్కే గొర్రెల కాపరి వేషం మల్లన్న స్నేహితుడు కొండల్‌ది.

2. తాడు పని మల్లన్నకు అప్పగించి, లాగగానే ఊడిపోయే ఉత్తుత్తి ముడి వేయమంటిని. ఇరవై ఏళ్లుగా బస్తాలు కట్టిన చేయి అది. అలవాటు చొప్పున బస్తా ముడి వేసెను. బరువు పడిన కొద్దీ బిగియుట దాని గుణం.

3. నేను సుత్తి కొట్టగానే స్టూలు జరిపిరి. కొండల్ మెడ నరాలు ఉబ్బెను, నాలుక బయటికి వచ్చెను, మడమలు వెనుక చెక్కలకు కొట్టుకొని చిట్లెను. జనం "షాబాష్ కొండల్! ఏం యాక్షన్ రా భాయ్!" అని అరిచి చప్పట్లు కొట్టిరి. ఆ చోట జడ్జి డైలాగు ఒకటిన్నర పేజీ. పూర్తిగా చెప్పితిని.

4. తాడు కోసేసరికి ప్రాణం లేదు. కొండల్ బామ్మర్దులు మల్లన్నను ఇనుప కుర్చీలతో కొట్టిరి. కుడి చేయి రెండు చోట్ల విరిగెను, ముందరి పళ్లు రాలెను. "నా దోస్తును నేనెందుకు చంపుతనే? చెయ్యి దానంతటదే తిరిగింది" అని నెత్తురు ఉమ్ముకుంటూ ఏడ్చెను. ఇద్దరికీ పాత లొల్లి ఉన్నదని తమ రిపోర్టులో వ్రాసిరట. లొల్లి ఏంది సార్? ఒక్క కంచంల తిన్నోళ్లు వాళ్లు! నోరు జారితిని, మన్నించవలెను.

కావున మల్లన్నను నేడే ఆసుపత్రికి పంపి, నా పేరు మొదటి ముద్దాయిగా వ్రాసుకొనునట్లు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డానియేలు

తా.క.: సార్, ఒక్క ముచ్చట దాచిన. ఊపిరాడకుంటే చెయ్యెత్తమని కొండల్‌కు ముందుగాలనే చెప్పిన. ఎత్తిండు. మూడుసార్లు ఎత్తిండు. నేను చూసిన. గా చప్పట్లు నా డైలాగుకే అనుకున్న సార్. బయట బెంచీ మీద కూసున్న. పిలువుండ్రి.