ప్రెసిడెంటు గొంతు

కల్లూరు, జూన్ 12

ప్రియమైన రాహేలుకు,

మైకుల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయిందనుకున్నాను. కర్నూలులో డాక్టరు ముక్కులోంచి గొట్టం దించి చూసి, గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. క్యాన్సరట. భయపడకు, మొదట్లోనే పట్టుకున్నారు. ముప్పైమూడు సార్లు రేడియేషన్ ఇస్తారు. ఇక్కడే కల్లూరులో అక్క ఇంట్లో ఉండి షేర్ ఆటోలో పోయి వస్తాను. మాట్లాడకూడదన్నారు, అందుకే ఈ ఉత్తరం. మండల పరిషత్ అధ్యక్షురాలివి నువ్వే అయినా, నాలుగేళ్లుగా సమావేశాల్లో మాట్లాడింది నేనే. ఇక నీ పని నువ్వే చూసుకోవాలి.

నీ జయపాల్

బద్వేలు, జూలై 3

ప్రియమైన ఆరాధన నాయనకు,

నేనూ పాపా ఒక పూటంతా ఏడ్చాం. చర్చిలో మీ కోసం ప్రార్థన పెట్టించాను. నిన్న ఆఫీసుకు పోతే ఉపాధ్యక్షుడు గోపన్న, "ఏమ్మా, ప్రెసిడెంటు యాడ? ఆయప్ప వచ్చినాకే మీటింగు" అన్నాడు. మన కాలనీకి మంజూరైన తాగునీటి బోరును వాళ్ల వీధికి మార్చాలని చూస్తున్నాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. సెప్టెంబరు సమావేశానికి మీరు రాకపోతే రాజీనామా చేస్తాను.

మీ రాహేలు

కల్లూరు, ఆగస్టు 20

ప్రియమైన రాహేలుకు,

రేడియేషన్ అయిపోయింది. మెడ నల్లగా కమిలింది. ఇప్పుడిప్పుడే రాగిజావ మింగుడు పడుతోంది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు.

ఒకటి ఒప్పుకోవాలి. మొదటి సమావేశంలో నువ్వు మాట్లాడబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది నేనే. అది తప్పని ఇన్నేళ్లూ తోచలేదు. రాజీనామా చేస్తే చెయ్యి. బోరు సంగతి మాట్లాడిన తర్వాతే చెయ్యి.

నీ జయపాల్

బద్వేలు, సెప్టెంబరు 20

ప్రియమైన ఆరాధన నాయనకు,

ఇంకో వారంలో సమావేశం. రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. మీకు గొంతు వచ్చిందా? రెండు ముక్కలైనా రాయండి.

మీ రాహేలు

కల్లూరు, సెప్టెంబరు 28

ప్రియమైన ప్రెసిడెంటు గారికి,

కావాలనే జవాబు రాయలేదు. నిన్న గుమాస్తా శేషన్న, నేను చెప్పినట్టే, ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు. అంతా విన్నాను. మొదట నీ గొంతు వణికింది. గోపన్న "కూచోమ్మా" అన్నప్పుడు ఫోను సౌండు పెంచాను.

"కూచోను గోపన్నా. బోరు మా కాలనీలోనే పడతాది. కాదనేవాళ్లు చెయ్యెత్తండి" అన్నావు. ఒక్క చెయ్యీ లేవలేదని శేషన్న చెప్పాడు. గర్వంతో కళ్లనీళ్లు ఆగలేదు రాహేలూ.

డాక్టరు మళ్లీ గొట్టం దించి చూసి, జబ్బు జాడ లేదని చెప్పి పదిహేను దినాలైంది. గొంతూ వచ్చింది. చెబితే నన్నే సమావేశానికి రమ్మంటావని దాచాను, అక్క చేతా ఒట్టు వేయించుకున్నాను. ఎంతైనా తిట్టు.

ఫోనులో నీ మాట విని పక్కింటి నాగలత తొంగిచూసింది. "ఎవురన్నా ఆయమ్మ? శానా గట్టిగా మాట్లాడతాండాది" అంది.

"మా ప్రెసిడెంటు" అన్నాను. ఇన్ని నెలల తర్వాత వీధికి వినబడేలా నేనన్న మొదటి మాట అదే.

నీ జయపాల్