సుగుణ గొంతు కోసం చేసిన బోర్డు

మంగళవారం, రాత్రి

ఈసారి సర్క్యూట్ బోర్డు బాగా వచ్చింది. టోనర్ కాగితం మీద ప్రింటు తీసిన గీతలు ఇస్త్రీపెట్టె వేడికి రాగి రేకు మీదికి దిగాయి. నీళ్ళలో నానబెట్టి కాగితం లాగితే ఒక్క గీతా తెగలేదు. ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేశాక మిగతా రాగి కరిగిపోయి గీతలే మిగిలాయి. చాన్నాళ్ళకి నాలో నేను నవ్వుకున్నాను.

గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి సుగుణకి గుసగుస కూడా సరిగా రావడం లేదు. చర్చిలో ముందు పాట ఎత్తుకునేది తనే. ఉన్న కాస్త గొంతునీ పెద్దది చేసి వినిపిద్దామని ఈ యంత్రం మొదలుపెట్టాను. సాయంత్రం భాగాలన్నీ అతికించి, మైకు తన పెదవుల దగ్గర పెట్టాను.

"ఏదన్నా మాట్లాడు," అన్నాను.

"ఏమండీ" అంది. పెదవులు చూసి తెలుసుకున్నాను. స్పీకర్లోంచి మాత్రం ఊపిరి ఒక్కటే పెద్దగా వచ్చింది. మళ్ళీ అంది. మళ్ళీ అదే. బోర్డులో తప్పుంటే ఇంకోటి చేసేవాణ్ణి. తప్పేమీ లేదు.

వంటింట్లోంచి మరదలు మేరీ కేకేసింది. "బావగారూ, హోరు వినబడతా ఉంది, గాలి లేచినట్టుందండీ. ఆరేసిన బట్టలు తీసేయమంటారా?"

సుగుణ నా వైపే చూస్తోంది. మైకు ఆపేశాను.

"ఆయ్, తీసెయ్యమ్మా," అన్నాను.