చేపల తొట్టి మీది లైటు

సుమిత్రా,

మన బిడ్డ పెంచే చేపల తొట్టి మీది లైటు ముట్టకు. మొన్న బట్ట నేసే సాంచా మీద కట్టినట్టే అలవాటుగ జానెడు ఎత్తుల కట్టిన. నీళ్లు పచ్చవడ్డయి, రెండు చేపలు సచ్చినయి. ఇప్పుడు మూరెడు ఎత్తుకు జరిపిన. నీ మూర చిన్నది, కొలిచి మళ్ల దించకు. లైటుకు కట్టిన ఎర్రదారం కొస నీళ్లకు తాకితే సరిగ్గున్నట్టు.

తేజస్వినిని యూనివర్సిటీ కాడ పోలీసులు పట్టుకపోయిండ్రు. నువ్వు చుట్టిన బీడీలు కార్ఖానల ఇచ్చి వచ్చేదాంక ఆగలేకపోయిన. బంద్‌కు బస్సుల్లేవు, పరశురాములన్న బండి మీద హైదరాబాద్ పోతున్న. పోయి ఏం జెయ్యాల్నో నాకే తెల్వదు.

శ్రీశైలం

తేజస్విని ఎవలిదో ఫోన్‌ల నాతోని మాట్లాడింది. దెబ్బలు తాకినయా బిడ్డా అంటే, చేపలెట్లున్నయి బాపూ అన్నది. అన్నీ మంచిగున్నయన్న.