రద్దు బటన్

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం. కార్లు మరీ క్షేమం, వాటిని నడిపేవాళ్లే లేరు కాబట్టి.

మన డ్రైవింగ్ స్కూల్‌కి నువ్వు ప్రత్యేకంగా రాసిచ్చిన సాఫ్ట్‌వేర్‌కి వంక పెట్టలేంరా. పాఠం ఎప్పుడు కావాలో ఫోన్‌లో నొక్కితే చాలు. వద్దనుకున్నా అంతే, ఒక్క నొక్కుడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మన దగ్గరికొచ్చేది స్టీరింగ్ చూస్తేనే చెమటలు పట్టేవాళ్లు. ఇదివరకు పాఠానికి రాలేమని చెప్పాలంటే మీ వదినకు ఫోన్ చేయాల్సి వచ్చేది. "అలాగే, కారు ఎక్కొద్దులే. ఊరికే వచ్చి టీ తాగి వెళ్లు," అనేది. టీ అయ్యేసరికి ఆ మనిషి ఎలాగో స్టీరింగ్ ముందుండేవాడు. ఆవిడ మాటలో ఏం మహిమ ఉందో, ఇన్నేళ్లు కాపురం చేసినా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడు అందరూ ఇంట్లోనే కూర్చుని చల్లగా రద్దు నొక్కేస్తున్నారు.

అందుకని, ఏమీ అనుకోకుండా ఒక మామూలు వెబ్‌సైట్ చేసిపెట్టు. స్కూల్ పేరు, చిరునామా, వదిన ఫోన్ నంబరు ఉంటే చాలు. నంబరు మాత్రం పెద్దగా కనబడాలి.

అన్నట్టు, రద్దయిన పాఠాల్లో నీ పేరు కూడా ఉంది, మూడుసార్లు. వదినకు చెప్పాను. ఆదివారం నిన్ను కారు ఎక్కొద్దంది. ఊరికే వచ్చి టీ తాగి వెళ్లమంది.

అన్నయ్య