రోజూ చూసిన నాలుక

సుగుణా,

బాగున్నావా? అలవాటు కొద్దీ అడిగేశాను, కొట్టెయ్యను. నువ్వు వెళ్లి ఇవాళ్టికి ఏడు నెలల పదకొండు రోజులు.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చదివే మనిషి లేని ఉత్తరానికి కాగితం దండగ కదా... కానీ నలభై ఏళ్లు ప్రెస్సులో అక్షరాలు కూర్చినవాణ్ణి. ఎవరూ చదవని పేజీలు ఎన్ని వేలు అచ్చు వేయించానో నాకు తెలుసు. వాటికి ఇంకో నాలుగు కలిస్తే ఏం పోయింది?

నిన్నొక మాట అడగాలి. అడిగేముందు చాలా చెప్పాలి. నాకు తిన్నగా చెప్పడం రాదని నీకు తెలుసు. "జెర జల్ది చెప్పయ్యా, పొయ్యి మీద కూర మాడుతున్నది" అనేదానివి. ఇప్పుడు మాడేదేమీ లేదు. మెల్లగానే చెబుతాను.

ప్రెస్సు మూతపడ్డ ఏడాది స్టేషన్ ఎదుట పాత పుస్తకాలవాడి దగ్గర నాకు దొరికిన పుస్తకం గుర్తుంది కదా? అట్ట లేదు, పేరున్న పేజీ లేదు. చైనా వాళ్ల ఇంటివైద్యం. ఏ కాలంలో ఏం తినాలి, ఏ పూట పడుకోవాలి, నాలుక చూసి ఒంట్లో సంగతి ఎలా చెప్పాలి... ఏడో తరగతితో బడి మానేసి, సీసం అక్షరాలు తిరగేసి పేరుస్తూ ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. మూడోసారి చదవడం మొదలుపెట్టేసరికి, చల్లనివి కడుపుకు చేటని మన ఇంట్లో ఫ్రిజ్ నీళ్లు బంద్ అయ్యాయి.

చైనా వాళ్లకు ఏడాదికి ఐదు కాలాలని, ఒక్కో కాలానికి ఒంట్లో ఒక్కో అవయవమని నేను వివరిస్తుంటే నువ్వు చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నావు. "ఐదెక్కడియయ్యా? మనకాడ మూడే. ఎండ, వాన, కంటోన్మెంట్ చలి" అన్నావు. ఎండాకాలంలో పెసలు ఉడికించిన నీళ్లు తాగాలని చెబితే, "మా అమ్మ పోసిన పెసరకట్టు గిప్పుడు చైనాకెళ్లి వచ్చిందా?" అన్నావు. అయినా తాగావు. నేనిచ్చినవన్నీ తాగావు.

ఊరికే తాగలేదులే. ఫలితం కనబడింది కాబట్టి తాగావు. పడుకునే ముందు వేడినీళ్లలో కాళ్లు పెట్టుకోవడం షురూ చేశాక నా మోకాళ్లు కాస్త మాట విన్నాయి. పొద్దున జావ, రాత్రి పెందలాడే భోజనం... నీ కడుపు ఉబ్బరం తగ్గింది. చర్చిలో నలుగురు అడిగితే నలుగురికీ చెప్పాను. అడగని నలభై మందికి కూడా చెప్పాను. మనిషికి తప్పు సంగతి నేర్పేవి తప్పులు కావు, సుగుణా. మొదట్లో కలిసొచ్చిన రెండు ఒప్పులు.

ఆ తర్వాత వచ్చింది నాలుక చూసుడు.

పొద్దున కాఫీకి ముందు, పళ్లు తోముకోకముందు, వంటింటి తూర్పు కిటికీ దగ్గర. ఎండ తిన్నగా పడాలి, బల్బు వెలుగు పనికిరాదు. నువ్వు నాలుక బయటపెట్టేదానివి, నేను అద్దాలు సర్దుకుని చూసేవాణ్ణి, చూసింది నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. "ఎదురింటోళ్లు సూస్తే ఏమనుకుంటరయ్యా? ఈ ముసలోనికి రోజూ పెండ్లాం నాలుక బయటపెట్టి యెక్కిరిస్తదనుకుంటరు." ఇలా అని మళ్లీ నాలుక చాపేదానివి. నాలుగేళ్లు. ఒక్కరోజు తప్పలేదు.

పోయినేడు వానలు మొదలైన వారంలో అనుకుంటాను, స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మెట్ల మీద ఆగిపోయావు. మనం ఎక్కాల్సిన ఎంఎంటీఎస్ రైలు వచ్చి వెళ్లిపోయింది. రెయిలింగు పట్టుకుని నిలబడి, "ఏం తక్లీఫ్ లేదు, జెర ఆయాసం, గంతే" అన్నావు. మర్నాడు నాలుక చూస్తే తెల్లగా ఉంది. తడిసిన కాగితం రంగు. పుస్తకం తీశాను. ప్లీహం బలహీనమైంది, తేమ చేరింది, రక్తం తక్కువైంది, అని ఉంది. అంతా అక్కడే ఉంది చూడు... 'రక్తం తక్కువైంది' అన్న ముక్కతో సహా. నేనే కింద గీత గీశాను. ఇప్పటికీ ఉంది ఆ గీత.

గీత గీసి, నిన్ను ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లానా? లేదు. మోండా మార్కెట్‌కు వెళ్లి ఖర్జూరాలు, అల్లం, నల్ల నువ్వులు తెచ్చాను.

అల్లం కషాయం ఘాటుకు నీ కళ్లలో నీళ్లు తిరిగేవి. పుస్తకంలో చెప్పినట్టు నీ మోకాలి కింద నాలుగు వేళ్ల దూరంలో రోజూ నొక్కేవాణ్ణి. మన అమ్మాయి సునీతతో చెబుదామని నువ్వెప్పుడూ అనలేదు, నేనూ అనలేదు. స్కూలు ఉద్యోగం, పరీక్షలు, ఇద్దరు పిల్లలు... మన గొడవ కూడా దానికెందుకని. ఆదివారం అది ఫోన్ చేస్తే "మస్తుగున్న బిడ్డా" అనేదానివి.

మూడో వారం నీ నాలుక గులాబీ రంగుకు వచ్చింది. ఐదో వారానికి ఎర్రగా ఉంది. నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో రాశాను, 'రక్తం తిరిగింది' అని. నువ్వు మెట్లెక్కలేకపోతున్నావు, మంచం మీంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నావు. నాలుక మాత్రం ఎర్రగా ఉంది. నేను మనిషిని వదిలేసి నాలుకను నమ్మాను.

ప్రెస్సులో ఒక సంగతి ఉంటుంది. ఎదుటివాడు కూర్చిన పేజీలో తప్పు ఆమడ దూరం నుంచి కనబడుతుంది, మనం కూర్చిన పేజీలో తప్పు మూడుసార్లు దిద్దినా కనబడదు. శుక్రవారం పెళ్లికి గురువారం అని శుభలేఖ వేసిన సంగతి నీకు చెప్పాను కదా? మూడుసార్లు ప్రూఫు చూసింది నేనే. గురువారం పొద్దున పెట్టెలు పట్టుకుని వచ్చిన చుట్టాలను చూసి పెళ్లికొడుకు తండ్రి ప్రెస్సుకు పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. ఎందుకు చెబుతున్నానంటే... నీ నాలుక పేజీ నేను కూర్చుకున్నదే.

మూడు నెలలు నిండేసరికి, మోండా మార్కెట్‌లో తోటకూర కట్ట బేరం చేస్తూ చేస్తూ కూలబడిపోయావు. ఆసుపత్రిలో పడుచు డాక్టరమ్మ నీ కింది రెప్ప లాగి చూసింది. తర్వాత నన్ను చూసింది. "ఇంత తెల్లగా అయ్యేదాకా ఇంట్లో ఎవరూ చూడలేదా?"

చూశాను. రోజూ చూశాను. కిటికీ దగ్గర నిలబెట్టి, ఎండలో, అద్దాలు పెట్టుకుని చూశాను.

పేగులో గడ్డ అన్నారు. నెలల తరబడి లోపల్లోపల రక్తం పోతోందన్నారు. నీకు తెలుసా, సుగుణా? నీ కంట పడే ఉంటుంది కదా... పడితే ఎందుకు చెప్పలేదు? నేను మళ్లీ పుస్తకం తీస్తాననా?

ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు. చివరి వారంలో ఒక మధ్యాహ్నం నువ్వు అడిగిన మాట నన్ను వదలడం లేదు. "జెర ఫ్రిజ్ నీళ్లు తెస్తవా? సల్లగ తాగాలనుంది." పెదాలు ఎండిపోయి ఉన్నాయి. వార్డు బయట చల్లనీళ్ల మెషీను ఉంది, పది అడుగులు. నేను ఫ్లాస్కు మూత తిప్పి గోరువెచ్చని నీళ్లు పోశాను. చెయ్యి దానంతటదే పోసింది. నువ్వు గ్లాసు వంక చూశావు, నా వంక చూశావు, తాగేశావు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది.

నువ్వు పోయాక పుస్తకం ముందుమాట చదివాను. వేలకొద్దీ ముందుమాటలు కూర్చినవాణ్ణి కదా, వాటి మీద నమ్మకం పోయి ఏ పుస్తకంలోనూ చదవను. రెండో పేరాలోనే ఉంది. నీరసం రెండు వారాలకు మించితే వైద్యుడికి చూపించండి, ఈ పుస్తకం వైద్యుడికి బదులు కాదు, అని. పుస్తకం నన్ను మోసం చేయలేదు. మోసం చేసిందని అనుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చేసింది.

ఇప్పుడు అసలు సంగతి.

నువ్వు సండేస్కూలు పిల్లలకు, వాక్యం అప్పజెప్పినవాళ్లకు ఇచ్చే పిప్పరమెంటు బిళ్లల డబ్బా బీరువాలో దొరికింది. ఫిబ్రవరిలో దాన్ని తీసుకెళ్లి, నీ క్లాసు ఇప్పుడు చూస్తున్న కమలకు ఇచ్చాను. మూత తీసి నవ్వింది. "ఎర్రవి లేవు సూడు అన్నా. సుగుణక్క ఎర్రవన్నీ ఏరి పక్కకు పెట్టుకునేది. పిల్లలకు ఒక్కటి సుత ఇయ్యకపోయేది. ఎందుకక్కా అంటే, మా ఆయనకు ఎర్రదంటే ఇష్టం అనేది."

ఆమె సరదాకి అంది. నేనూ నవ్వాను. నీకు తెలుసు, నేను తీపి ముట్టుకుని పదేళ్లు.

ఇంటికొచ్చి నీ దిండు గలీబు, హ్యాండ్‌బ్యాగు, స్వెటరు జేబులు వెతికాను. స్వెటరు జేబులో చిన్న ప్లాస్టిక్ కవరు, అందులో పదకొండు ఎర్ర బిళ్లలు. ఒకటి నోట్లో వేసుకుని, అది కరిగేదాకా కూర్చుని, కిటికీ దగ్గరికి వెళ్లి అద్దంలో నాలుక చూసుకున్నాను.

'రక్తం తిరిగింది.'

ఇదీ నేను అడగాలనుకున్న మాట. ఎందుకు, సుగుణా? నా అల్లం కషాయం తప్పించుకోవడానికా? లేక ఎర్ర పెన్నుతో రాసుకుంటుంటే నా ముఖం చూడ్డానికి బాగుందా? నేను లేవకముందే లేచి, ఆ ఆయాసంతో, చీకట్లో బిళ్ల చప్పరిస్తూ కూర్చునేదానివా?

నువ్వలా చేయకపోతే, నాలుక తెల్లగానే ఉండిపోతే, నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉండేవాణ్ణని చెప్పుకోవచ్చు. అలా చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది. రెండు రోజులు చెప్పుకున్నాను కూడా. కానీ నిజం అది కాదు. నేను అల్లం మోతాదు పెంచేవాణ్ణి.

స్కూలు సెలవులివ్వగానే సునీత వచ్చింది. నీ కుర్చీలోనే కూర్చుంది. చెంపలు పీక్కుపోయాయి. "డాడీ, నా నాలుక జెర చూడు. నెల నుంచి ఊకె అలసటైతున్నది. మమ్మీకి ఇచ్చినట్ల ఏమన్న ఇయ్యి" అంటూ తనే లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వెళ్లి, సరిగ్గా నువ్వు నిలబడ్డ బండ మీద నిలబడి, నాలుక చాపింది.

నేను లేవలేదు. నోరు ముయ్యమన్నాను. రక్తం పరీక్ష చేయించుకో, పేగు కూడా చూపించుకో, అమ్మకు ఏ జబ్బు వచ్చిందో డాక్టరుకు చెప్పు, అన్నాను. ఇంత చిన్న అలసటకు అన్ని పరీక్షలెందుకంది. నాలుక చూస్తే సరిపోదా అంది. అప్పుడు చెప్పక తప్పలేదు. ఫుట్‌బ్రిడ్జి దగ్గర్నుంచి మొదలుపెట్టి, గీత గీసిన పేజీ, మూడు నెలల కషాయం, అంతా. నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టాను.

అది అలాగే నిలబడి చదివింది. "మూడు నెలలా, డాడీ?" అంది. నేను కాచిన ఖర్జూరం జావ ముట్టుకోకుండా చెప్పులేసుకుంది.

బిళ్లల సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే నా తప్పులో సగం నీ మీదికి పోతుంది. నీకు బదులు చెప్పుకునే వీలు లేదు. అది మనిద్దరి మధ్యే ఉంటుంది.

తర్వాత పన్నెండు రోజులు ఫోన్ లేదు. పదమూడో రోజు వాట్సాప్‌లో రిపోర్టుల ఫోటోలు వచ్చాయి. కళ్లద్దాలు తుడుచుకుని నాలుగుసార్లు చదివాను. నా ప్రూఫురీడింగు మీద నాకు నమ్మకం లేదు కాబట్టి కింద మందుల షాపాయనతో కూడా చదివించాను. గడ్డలేమీ లేవు. రక్తం కాస్త తక్కువ, మాత్రలు రాశారు. ఏడాదికోసారి చూపించుకోమన్నారు. ఫోటోల కింద సునీత ఒక్క మాట రాయలేదు.

నేను ఇక ఎవరి నాలుకా చూడను, సుగుణా. చర్చిలో అడిగినవాళ్లకు డాక్టరు దగ్గరికి పొమ్మని చెబుతున్నాను, ఎందుకో కూడా చెబుతున్నాను. ఈమధ్య అడిగేవాళ్లు తగ్గారు.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక సునీత ఇంటికి వచ్చింది. నాతో మాట్లాడలేదు. బయట ఎండ మండిపోతోంది. వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. నువ్వు పోయాక అందులో సీసాలు పెట్టడం మొదలుపెట్టాను, తాగింది లేదు. నిలబడే ఒక గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు నింపి తెచ్చి నా ముందు పెట్టింది.

తాగాను. పళ్లు జివ్వుమన్నాయి.